రెండో బోల్టు

నాగూర్ బాషా స్టూలు ఇవాళ కూడా దారికి అడ్డంగానే ఉంది. షంషుద్దీన్ షట్టరు సగం దాకా లేపి, వంగి లోపలికి వచ్చి, చీకట్లోనే దాన్ని కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి అవతలి గోడ పక్కన, అన్న పనిముట్ల బల్ల కింద పడింది. సాయంత్రం వెళ్ళేటప్పుడు అన్న దాన్ని సరిగ్గా ఆ చోటే పెట్టి వెళతాడు. పొద్దున్నే వచ్చి తమ్ముడు సరిగ్గా ఆ గోడకే తంతాడు. స్టూలు కాలు ఒకటి ఇప్పటికే వదులైంది. ఏదో ఒకరోజు అది విరిగి అన్న నేల మీద కూలబడితే చూడాలని షంషుద్దీన్‌కి మనసులో ఓ మూల ఉంది.

తెనాలిలో కాలవ గట్టు పక్కన ఆ రేకుల షెడ్డు వాళ్ళ నాన్న వేసింది. ఆయన పోయాక అన్నదమ్ములిద్దరిదీ అయింది. ఇప్పుడందులో అన్నీ రెండేసి ఉన్నాయి. రెండు పనిముట్ల బల్లలు, రెండు ఫ్యాన్లు, చేతులు కడుక్కోడానికి రెండు కిరసనాయిలు డబ్బాలు, తాగడానికి రెండు నీళ్ళ కూజాలు. నడుమ గీత ఎవరూ గీయలేదు గాని నేల మీద పాత ఆయిలు మరక ఒకటి అటూ ఇటూ పాకి ఉంది. దాన్ని దాటి ఒకరి చెత్త ఒకరి వైపు పోదు. పోతే చీపురుతో అవతలికే తోసేస్తారు. ఊళ్ళో బళ్ళవాళ్ళకి ఈ సంగతి తెలుసు. పెద్దబాషా వైపు ఆపాలా, చిన్నబాషా వైపు ఆపాలా అని షెడ్డు ముందు ఒక క్షణం బ్రేకు మీద కాలు పెట్టి ఆలోచిస్తారు.

షంషుద్దీన్ షట్టరు పూర్తిగా ఎత్తి, చొక్కా విప్పి మేకుకి తగిలించి, కాలరు దగ్గర చిరిగిన పనిచొక్కా తొడుక్కున్నాడు. పొట్టి మనిషి. మెడ ఉందా లేదా అన్నట్టు తల భుజాల మీద కూర్చుని ఉంటుంది. కుడి బొటనవేలి గోరు చిన్నప్పుడు సుత్తి దెబ్బకి ఊడి, మళ్ళీ సరిగ్గా మొలవక నల్లగా గులకరాయిలా ఉంటుంది. ఆ సుత్తి కొట్టింది అన్నే. పట్టుకోరా అంటే పట్టుకున్నాడు, కదిలాడు, పడింది. మీసాలు రాకముందే ఈ షెడ్డులో అడుగుపెట్టి, ఏళ్ళ తరబడి అన్న చెప్పినచోటల్లా టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు. ఇంజను ఎలా ఉంటుందో నేర్చుకునేలోపే అన్న వీపు ఎలా ఉంటుందో అతనికి బట్టీ వచ్చింది. ఒకసారి అలిగి బాపట్లలో వేరే షెడ్డుకి వెళ్ళాడు. అక్కడ టార్చి పట్టుకునేవాడు కూడా లేక, తెలియంది అడగడానికి మనిషి లేక, ఆ ఏడు వానలు మొదలయ్యేలోపే తిరిగొచ్చాడు. వచ్చినవాణ్ణి అన్న ఏమీ అనలేదు. టార్చి చేతికిచ్చాడు. అతను అంతకన్నా దూరం ఎప్పుడూ వెళ్ళలేదు.

పొద్దున బయల్దేరేముందు ఇంట్లో భార్య మస్తాన్‌బీ ఉప్మా గిన్నె ముందు పెట్టి, గరిట చేతిలోనే ఉంచుకుని అడిగింది.

"ఇవాళైనా అడుగుతావా, అడగవా?"

"చూద్దాం."

"చూసింది చాలు. సాయంత్రం రేపల్లె నించి పెళ్ళివారొస్తన్నారు. వకీలెవరు, సాక్షులెవరు అని పేర్లడుగుతారు. నువ్వు గోడకి తన్నే స్టూలు పేరు చెప్తావా?"

శుక్రవారం రేపల్లెలో కూతురు నాజ్నీన్ నిఖా. పెళ్ళికూతురి దగ్గరికి వెళ్ళి ఈ సంబంధం నీకు ఇష్టమేనా అని అడిగి, ఆ జవాబు తెచ్చి సభలో చెప్పే పెద్దమనిషి వకీలు. పిల్ల సిగ్గుతో నోరు మెదపకపోతే ఆ మౌనాన్నే ఒప్పుకోలుగా తెచ్చి చెప్పేదీ ఆయనే. వాళ్ళ ఇళ్ళలో తండ్రి అన్నే ఆ పనికి కూర్చుంటాడు. అన్న బతికుండగా ఇంకొకర్ని కూర్చోబెడితే ఊరంతా కారణం అడుగుతుంది.

నాజ్నీన్ వంటింటి గుమ్మంలో నిలబడి జడ అల్లుకుంటూ అంది. "పెద్దబ్బాని నేను అడిగాను. రానని అన్లేదు. మీ అబ్బాని నోటితో అడగమను, వస్తా అన్నారు. అంతే కదా. నోరు నొప్పెడుతుందా అబ్బా?"

పిల్లలు లేని అన్నకి ఈ పిల్లంటే ప్రాణం. రెండిళ్ళ మధ్యా రాకపోకలున్నది ఆమెకి మాత్రమే.

"పెద్దబ్బా కాకపోతే ఖాజీ గారి ముందు నేను ఊఁ అనను. ఎవరొచ్చి అడిగినా అనను," అంది. చిన్నగానే అంది. ఆ చిన్నగా అనడం అచ్చు వాళ్ళ పెద్దబ్బాదే. షంషుద్దీన్ ఉప్మా గిన్నె పక్కకి జరిపి లేచాడు.

అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసింది వాళ్ళమ్మ పోయినరోజు. ఆమె చివరి రోజుల్లో రేపల్లెలో షంషుద్దీన్ అత్తగారింట్లో ఉండేది, అక్కడ గాలి బాగుంటుందని. మంచాన పడ్డాక నాగూరూ నాగూరూ అని కలవరించేది. నాగూర్ రాలేదు. పనుంది అనేవాడు, రేపు అనేవాడు. ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆమె పోయింది. ఆ సమయానికి అన్న బాపట్ల అవతల ఎక్కడో రోడ్డు మీద ఆగిపోయిన లారీ కింద ఉన్నాడు. ఫోను పలకలేదు. పెద్దలు ఎండ చూశారు, మనిషిని చూశారు, ఇంక ఆలస్యం వద్దన్నారు. షంషుద్దీన్ సరేనన్నాడు. అన్న బస్సు దిగి, చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా ఖబరస్థానుకి వచ్చేసరికి సమాధి మీద నీళ్ళు చల్లుతున్నారు. తల్లికి ముమ్మారు మట్టి ఇచ్చే భాగ్యం పెద్దకొడుక్కి లేకుండా పోయింది.

"కాసేపు ఆగలేకపోయావా," అన్నాడు. తమ్ముడితో అన్న ఆఖరి మాట అదే.

మంచంలో ఉండగా మంచినీళ్ళు పోయడానికి రాని మనిషి, మట్టి దగ్గర మాత్రం వాటా అడుగుతాడు. షంషుద్దీన్ ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు లోపల్లోపల అనుకున్నాడో. అనుకున్నప్పుడల్లా అది కొత్త బ్లేడులా కోసేది. బయటికి మాత్రం ఎప్పుడూ అనలేదు. అంటే మాట్లాడినట్టవుతుంది.

బయట స్కూటరు ఆగిన చప్పుడైంది. నాగూర్ బాషా వచ్చాడు. పొడుగాటి మనిషి. నడుం దగ్గర కొంచెం వంగాడు. తెల్లగడ్డం చివర గ్రీజు వల్ల ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. కళ్ళద్దాలకి దారం కట్టి మెడలో వేసుకుంటాడు. గుమ్మంలో నిలబడి బల్ల కింద పడున్న స్టూలు వైపు చూశాడు. తీశాడు, ఊదాడు, కూర్చున్నాడు. కూర్చుని ఎడమ భుజాన్ని కుడిచేత్తో రుద్దుకున్నాడు, చాలాసేపు. వేషం, అనుకున్నాడు షంషుద్దీన్. అడుగుతానని తెలిసి, ముందే అలిసిపోయినట్టు మొహం పెట్టాడు.

అప్పుడే ఎర్ర కారొకటి వచ్చి, ఎటూ తేల్చుకోలేక, సరిగ్గా ఆయిలు మరక మీద ఆగింది.

కారులోంచి దిగినతను ఫిన్నీ, బాపట్ల మనిషి. చర్చి కూటాలకి మైకులూ స్పీకర్లూ అద్దెకిస్తాడు. రేపల్లె నుంచి పిట్టలవానిపాలెం దాకా ఎక్కడ సువార్త సభ జరిగినా అతని స్పీకర్లే మోగుతాయి. డిక్కీలోంచి పొడుగాటి అట్టపెట్టె తీసి, నేల మీద పెట్టి, పసిపిల్ల బట్టలు విప్పినంత జాగ్రత్తగా విప్పాడు. లోపల నీలంరంగు రాడ్డు. రెండు కొసలా రెక్కల్లాంటి పట్టీలు, వాటికి కన్నాలు.

"ఇదేంటి బాబూ, మంచం కోడా?" అన్నాడు షంషుద్దీన్.

"బ్రేసండి. ఆన్‌లైన్లో తెప్పించా. ముందు చక్రాల మధ్యన, కింద, ఈ పక్క నించి ఆ పక్కకి బిగిస్తారు. స్పీకర్లేసుకుని మలుపు తిరిగితే బండి నడుం ఊపేస్తందండి. ఇది పెడితే బాడీ మెలిక పడకుండా రెండు పక్కలా పట్టుకుంటుంది."

"కంపెనీవాడికి తెలీక పెట్టలేదంటావా?"

"ఖర్చు తగ్గుద్దని పెట్టరంటండి."

"నువ్వు మలుపులో కాస్త నెమ్మదిగా పోతే అదీ ఖర్చు లేని పనేగా."

అవతలి స్టూలు మీంచి మాట వచ్చింది. "పెడితే నష్టం లేదు బాబూ. చేతనైనవాడు బిగిస్తే."

మాట ఫిన్నీతోనే. తగిలింది ఇటు. షంషుద్దీన్ రాడ్డుని కాలితో అటూ ఇటూ దొర్లించి చూశాడు.

"ఆయనకి చెప్పు బాబూ," అన్నాడు, "ఇది ఒక్కడి పని కాదని. అటొకళ్ళు ఇటొకళ్ళు ఉండి ఒక్కో బోల్టూ మార్చి మార్చి బిగించాలి. ఒకే పక్క బిగించుకుంటా పోతే రాడ్డు ఆ పక్కకి లాగేస్తుంది."

"నాకు తెలుసని చెప్పు. ఇది వీడికి నేర్పిందెవరో కూడా అడుగు."

ఫిన్నీ ఇటు చూశాడు, అటు చూశాడు. "మీరిద్దరూ జానెడు దూరంలోనే ఉన్నారు కదండీ," అన్నాడు.

"జాకీ మీద ఉండగా బిగించకూడదని కూడా చెప్పు," అన్నాడు నాగూర్ బాషా. "చక్రాలు గాల్లో ఉంటే బాడీ వేలాడి వంకరపోతుంది. ఆ వంకర మీదే రాడ్డు బిగిసిపోద్ది. బరువు చక్రాల మీద ఉండాలి."

"నేనేమన్నా జాకీ తెచ్చానా? చూసి మాట్లాడమను."

"చూస్తానే ఉన్నా. చూడబట్టే చెప్తన్నా."

"అయ్యా, నేను బాపట్లలోనే చేయించుకోవాల్సింది," అన్నాడు ఫిన్నీ. ఎవరూ నవ్వలేదు. అతనే కొంచెం నవ్వి, బయటికి వెళ్ళి ఫోను చూసుకుంటూ నీడలో కూర్చున్నాడు.

రైలుపట్టాల కింద వేసే పాత చెక్కదిమ్మెలు రెండు ముందు చక్రాలకి ఎదురుగా వేసి, షంషుద్దీన్ కారుని వాటి మీదికి ఎక్కించాడు. చక్రాల మీద బరువు ఉంటుంది, కింద మనిషి దూరే సందూ ఉంటుంది. వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాడు. పెట్టాక అన్న వచ్చి, తమ్ముడు పెట్టిన రాళ్ళని ఒక్కొక్కటీ కాలితో తన్ని చూశాడు. కదల్లేదు. అయినా ఇంకో రాయి తెచ్చి పెట్టాడు. షంషుద్దీన్ పళ్ళు నూరుకున్నాడు.

ఎడమ వైపు నుంచి తమ్ముడు, కుడి వైపు నుంచి అన్న, గోనెలు పరుచుకుని వెల్లకిలా కారు కిందకి జరిగారు. నడుమ ఇంజను ఆయిలు తొట్టి గోడలా అడ్డం. ఒకరి మొహం ఒకరికి కనబడదు. తొట్టి కింద సందులోంచి షంషుద్దీన్‌కి అన్న చొక్కా జేబూ, అందులో దారం కట్టిన కళ్ళద్దాల అంచూ కనబడుతున్నాయి. అంతే.

కింద పనికి వాళ్ళకో భాష ఉంది. తల్లి పోయిన కొత్తలో ఒక బండి గేరుబాక్సు దింపుతూ, వదులుతున్నా అని అన్న చెప్పలేదు. అది షంషుద్దీన్ ఛాతీ పక్కనించి నేలకి దిగింది. ఆ మర్నాడు అన్నే స్పానరుతో ఇనుము మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఒక దెబ్బ అంటే అయింది, నీ వంతు. రెండంటే ఆగు. మూడంటే బయటికి రా. అంతకుమించి వాళ్ళకి చెప్పుకోవాల్సింది ఏమీ లేకపోయింది. తిట్టడానికి వేరే దెబ్బ అక్కర్లేదు. అదే దెబ్బ గట్టిగా కొడితే చాలు.

రాడ్డుని ఇద్దరూ రెండు కొసలా ఎత్తి పట్టుకున్నారు. కన్నాలు కలిశాయి. చెరో పక్కా రెండేసి బోల్టులు చేత్తో తిప్పి నిలబెట్టారు. ఒకటి కింద నించి పైకి, రెండోది పక్కనుంచి అడ్డంగా. అక్కడిదాకా బాగానే నడిచింది. చేతులు పాతవి, వాటికి కోపాలు తెలియవు.

షంషుద్దీన్ తన మొదటి బోల్టు బిగించి, ఒక దెబ్బ కొట్టాడు.

అవతల స్పానరు కదిలింది. నెమ్మదిగా. ఊపిరి తీసుకుంటూ, ఆగుతూ. ఈ మాత్రం బోల్టుకి ఇంత సేపా, అనుకున్నాడు షంషుద్దీన్. కావాలనే సాగదీస్తున్నాడు. కింద నన్ను పడుకోబెట్టి నా వీపు కాలేదాకా సాగదీస్తాడు. చివరికి టింగుమని ఒక దెబ్బ వినబడీ వినబడనట్టు వచ్చింది. బిచ్చగాడి చిప్పలో రూపాయి పడేసినట్టు.

అడగాల్సిన మాట అతని నోట్లో పొద్దుటినుంచీ ఉంది. భాయ్ అనాలి ముందు. ఆ ఒక్క మాట అంటే మిగతావి వాటంతటవే వస్తాయి. ఎదురుగా నిలబడి అనలేడు. ఆ గడ్డం, ఆ చూపు చూస్తూ అనలేడు. ఇక్కడైతే మొహాలు లేవు. ఇద్దరూ పైకి చూస్తూ పడుకున్నారు, చిన్నప్పుడు డాబా మీద ఒకే చాప మీద పడుకున్నట్టు. ఆ పోలిక తట్టగానే అతనికి చిరాకేసింది. పని మీదికి తిరిగాడు.

రెండో బోల్టు బిగించాడు. మోచెయ్యి రాడ్డుకి గీసుకుని చర్మం లేచింది. ఒక దెబ్బ కొట్టాడు. నీ వంతు.

అవతల రింగు స్పానరు బోల్టు తల మీద కూర్చున్న చప్పుడు టిక్కుమని వినబడింది. షంషుద్దీన్ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఇంక వంక లేదు.

"భాయ్," అన్నాడు.

గొంతు తనది కానట్టుంది. ఆయిలు తొట్టికి తగిలి తన చెవులకే తిరిగొచ్చింది.

"నాజ్నీన్‌కి నువ్వే వకీలుగా కూర్చోవాలి. శుక్రవారం. రేపల్లెలో."

జవాబు లేదు. కాలవ అవతల రేపల్లె ప్యాసింజరు పోతోంది. ఆ రొదకి వినబడలేదేమో అనుకుని, రైలు పోయేదాకా ఆగాడు.

"నోటితో అడగమన్నావంటగా. అడుగుతున్నా. వస్తావా?"

సందులో జేబు కదల్లేదు. దెబ్బా లేదు. ఒకటి లేదు, రెండూ లేవు. షంషుద్దీన్ ఇంకొంచెం ఆగాడు. ముక్కు మీద దుమ్ము రాలింది, తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ చప్పుడులో జవాబు పోతుందేమోనని. అప్పుడు లోపల్నించి వేడి మొదలైంది.

"విన్నావా లేదా? నా చేత బతిమాలించుకుందామనా? ఇంకోసారి అనిపించుకుందామనా?" గొంతు పెరగలేదు. పెరక్కుండానే ముదిరింది. "అమ్మ మంచంలో నీ పేరే కలవరించింది. నా పేరు కాదు. మూత్రం గుడ్డలు మార్చింది నా పెళ్ళాం, కలవరించింది నీ పేరు. ఒక్కరోజు రాలేదు నువ్వు. శవాన్ని ఎండలో పెట్టుకుని నీ కోసం కూర్చోవాలా మేము? కూర్చోలేదు. ఇప్పుడైనా కూర్చోను. పిల్ల మొహం చూసి అడిగా, నీ మొహం చూసి కాదు. రాకపోతే పో. నువ్వు లేకపోయినా నిఖా ఆగదు."

అని, స్పానరెత్తి రాడ్డు మీద బలంగా ఒక దెబ్బ కొట్టాడు. రాడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి ఝల్లుమంది.

ఏళ్ళుగా దాచుకున్నదంతా అయిపోయింది. ఇంత చిన్నదా అది, అనిపించింది. ఛాతీ తేలికవుతుందనుకున్నాడు. కాలేదు.

"ఏమైందండీ?" చప్పుడుకి ఫిన్నీ లేచి వచ్చాడు. కుడి వైపు అతని చెప్పులు ఆగాయి. మోకాళ్ళు నేలకి ఆనాయి. తర్వాత అతను చిన్నపిల్లల్ని లేపే గొంతుతో అన్నాడు. "పెద్దబాషా గారూ. అయ్యా."

మళ్ళీ అన్నాడు. "చిన్నబాషా గారూ, ఇటు రండి. ఈయన కళ్ళు తెరిచే ఉన్నాయండి. నావైపు చూట్టంలేదు."

గోనెతో సహా బయటికి లాగారు. తేలిగ్గా వచ్చాడు. పొడుగాటి మనిషి అంత తేలిగ్గా రావడం షంషుద్దీన్‌కి నచ్చలేదు. గడ్డంలో దుమ్ము పడి ఉంది. నుదుటి మీద చెమట ఇంకా ఆరలేదు. ఫిన్నీ ఛాతీ నొక్కాడు, నోటి దగ్గర చెయ్యి పెట్టాడు, 108కి ఫోను చేశాడు. అంబులెన్సులో షంషుద్దీన్ అన్న కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆస్పత్రిలో ఒక కుర్ర డాక్టరమ్మ మణికట్టు పట్టుకుని, గుండె మీద వాలి విని, కళ్ళలో లైటు వేసి చూసి, "ఎప్పుడైంది?" అని అడిగింది.

"తెలీదండి," అన్నాడు.

"పక్కన ఎవరూ లేరా?"

"నేనే ఉన్నానండి."

ఆమె అతని వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది.

పొద్దు వాలేవేళకి వదిన కరీమాబీ ఇంటి వాకిలంతా చెప్పులే. ఆమె గోడకి ఆనుకుని, భర్త తల దగ్గర కూర్చుంది. ఏడవడం అయిపోయిందో మొదలవలేదో తెలియనట్టు ఉంది మొహం. పక్కన నాజ్నీన్. కప్పిన దుప్పటి కాళ్ళ దగ్గర తొలగితే సర్దబోయాడు షంషుద్దీన్.

"నువ్వు చెయ్యి వెయ్యకు," అంది కరీమాబీ.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెద్దల్లో ఒకాయన, జనాజా ఎప్పుడు లేపుదామని అడిగాడు. అందరూ షంషుద్దీన్ వైపు చూశారు. ఇంటికి ఇంక పెద్ద అతనే.

"దూరం నించి రావాల్సినవాళ్ళున్నారు. రేప్పొద్దున దాకా ఆగుదాం," అన్నాడు.

"అబ్బో. ఆగడం వచ్చా నీకు?" అంది ఆమె.

గదిలో విసనకర్రలు ఆగాయి. పెళ్ళివారు రేపల్లె నుంచి వచ్చి గుమ్మం బయటే నిలబడి ఉన్నారు. వాళ్ళు పేర్లు అడగడానికి వచ్చారన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. షంషుద్దీన్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూతురు వింటోందని తెలుసు. వినాలనే అన్నాడు.

"నేను అడిగాను భాబీ. నాజ్నీన్‌కి వకీలుగా రమ్మని. నా నోటితోనే అడిగాను."

నాజ్నీన్ తలెత్తింది.

"ఏమన్నారు?" అంది కరీమాబీ.

అతను దుప్పటి అంచు వైపు చూశాడు.

"ఏమన్నారని అడుగుతున్నా."

"ఏమీ అన్లేదు."

ఆమె ముందుకి వంగింది. కోపంగా కాదు. సంతలో సరుకు తిప్పి చూసేవాళ్ళు చూసినట్టు అతని మొహంలోకి చూసింది.

"ఉండగా అడిగావా షంషూ, పోయాక అడిగావా?"

నాజ్నీన్ కూడా ఆ జవాబు కోసమే తండ్రిని చూస్తోంది. వస్తానన్నాడు అని ఒక్క అబద్ధం చెబితే అయిపోయేది. ఒక దెబ్బ కొట్టాడు, అదే ఒప్పుకోవడం అని చెప్పినా నమ్మేవాళ్ళు. లేచాడు. షెడ్డు తెరిచి వదిలేశానని ఎవరికీ కాకుండా చెప్పి, చెప్పులు ఎవరివో వేసుకుని బయటికి నడిచాడు.

ఎర్ర కారు దిమ్మెల మీద అలాగే ఉంది. ఫిన్నీ బస్సులో వెళ్ళిపోయాడు. ఎన్నిరోజులైనా పరవాలేదండి, మీ పనులన్నీ అయ్యాకే ఫోను చెయ్యండి అని చెప్పి వెళ్ళాడు. షంషుద్దీన్ లైటు వేశాడు. తన వైపు వెళ్ళబోయి, ఆగి, కారు చుట్టూ తిరిగి, కుడి వైపుకి వచ్చాడు. గోనె అంబులెన్సు దగ్గరే ఉండిపోయింది. ఉత్త నేల మీదే వెల్లకిలా పడుకుని అన్న చోటులోకి జరిగాడు.

అతనికి తెలుసు ఏం చూడాలో. మొదటి బోల్టు బిగించి అన్న దెబ్బ కొట్టాడు, అది విన్నాడు. మిగిలింది ఆ రెండోదే. టిక్కుమని స్పానరు కూర్చున్న వెంటనే అతను నోరు విప్పాడు. ఆ బోల్టు ఇంకా వదులుగా ఉంటే, చెయ్యి తిప్పకముందే అన్న పోయాడు. తను అడిగిందీ, ఆ తర్వాత అన్నదీ ఏదీ ఆయన చెవిన పడలేదు. భాయ్ అన్న మాట కూడా పడలేదు. బోల్టు గట్టిగా బిగిసి ఉంటే, అంతా వింటూనే బిగించాడు. విని, పని పూర్తిచేసి, దెబ్బ కొట్టకుండా ఊరుకున్నాడు. తమ్ముడికి జవాబివ్వకుండా, ఇవ్వకూడదనుకునే పోయాడు. స్పానరు పట్టుకుని ఒక్క తోపు తోస్తే తెలిసిపోతుంది. కరీమాబీకి జవాబు దొరుకుతుంది. నాజ్నీన్‌కి దొరుకుతుంది.

ఏది కావాలో అతనికే తెలియలేదు. చెయ్యి ఎత్తాడు. వేళ్ళు ఇనుముకి తగలకముందే చల్లగా అనిపించి, దించి, పొట్ట మీద పెట్టుకున్నాడు. నీలంరంగు రాడ్డు తల మీదుగా ఈ పక్క నుంచి ఆ పక్కకి పోతోంది. దాని కుడి కొసన, అడ్డంగా ఉన్న రెండో బోల్టు తలకి పట్టుకుని రింగు స్పానరు ఏటవాలుగా వేలాడుతోంది, పిడి మీద నాలుగు వేళ్ళ గ్రీజు ముద్ర ఇంకా తడిగానే.